కదలని కోడి, కొట్టుకునే రెక్క

ఏమర్రా, అందరూ వచ్చినట్టేనా? ఆ చాప ఇలా లాగండి. బుడ్డోడా, గుమ్మానికి అడ్డం కూర్చోకు, మీ నానమ్మ మినప్పప్పు గిన్నె పట్టుకుని అటే వస్తుంది. రేపు కనుమ కదా. గారెలూ, గారెల్లోకి నాటుకోడి పులుసూ. ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే. అయితే మన పెద్దమ్మడు పొద్దున్నుంచీ ఆ కాకిపుంజు చుట్టూ తిరిగి తిరిగి ఇందాక నా చెవిలో ఒక మాట వేసింది. "తాతయ్యా, కోసేటప్పుడు దానికి తెలుస్తుందా?"

"నీకెందుకే ఇవన్నీ" అని కసిరే పెద్దవాళ్లుంటారు. నేను కసరను. పులుసు వేసుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అది. తెలుస్తుందమ్మా. కోడికి భయం తెలుస్తుంది, నొప్పి తెలుస్తుంది. ఎంతసేపు తెలుస్తుంది, ఎంత తెలుస్తుంది అన్నది మాత్రం చాలావరకూ మన చేతుల్లో ఉంది. ఇక్కడే మన కళ్లు మనల్ని రెండు రకాలుగా మోసం చేస్తాయి. కోడి కదలకుండా పడుంటే "పాపం, నెమ్మదిగా ఉంది" అనుకుంటాం. మెడ తెగాక రెక్కలు టపటపా కొట్టుకుంటే "అయ్యయ్యో, ఎంత బాధపడుతోందో" అనుకుంటాం. నిజం దానికి తలకిందులుగా ఉంటుంది. కదలకుండా ఉన్నప్పుడు కోడి లోపల భయం నిండి ఉండొచ్చు. కోత సరిగ్గా పడితే, ఆ రెక్కలు కొట్టుకునే వేళకి లోపల బాధపడే కోడే ఉండదు.

ముందు కదలని కోడి సంగతి. రోములో అథనాసియస్ కిర్చర్ అని ఒక క్రైస్తవ సన్యాసి ఉండేవాడు, సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట. ఆయనకి తెలుసుకోవాలన్న పిచ్చి ఎంతంటే, వెసూవియస్ అగ్నిపర్వతం నోట్లోకి దిగి చూసొచ్చాడు. అలాంటివాడు కోడిని వదులుతాడా? దాని కాళ్లు కట్టి, నేలమీద పడుకోబెట్టి, ముక్కు దగ్గర్నుంచి సుద్దతో ఒక గీత గీశాడు. ఆ తర్వాత కాళ్ల కట్టు విప్పేసినా కోడి లేవలేదు. ఆ గీతనే తాడనుకుని, ఇంకా కట్టేసే ఉన్నారని కోడి భ్రమ పడుతోందని 1646లో తన పుస్తకంలో రాసుకున్నాడు. చదివిన వాళ్లంతా ఆహా అన్నారు. పల్లెటూళ్లలో సంతల్లో ఇదొక గారడీ అయిపోయింది, కోడిని నిద్రపుచ్చే మంత్రమని.

గీతకీ దీనికీ ఏమీ సంబంధం లేదని తర్వాత తేలింది. గీత గియ్యకపోయినా, కోడిని వెల్లకిలానో పక్కకో పడుకోబెట్టి కాసేపు అదిమి పడితే అది బిగుసుకుపోతుంది. నిద్రా కాదు, మంత్రమూ కాదు. పిల్లి నోటికో నక్క నోటికో చిక్కిన పక్షికి మిగిలిన ఆఖరి ఉపాయం అది, చచ్చినట్టు పడుండటం. చచ్చిందనుకుని పట్టు కాస్త సడలిస్తే తుర్రుమనొచ్చు. శాస్త్రవేత్తలు దీన్నే కొలబద్ద చేసుకున్నారు. ఏ కోడి ఎక్కువసేపు అలా బిగుసుకుని పడుంటే అది అంత బెదిరిందని లెక్క. చూశారా మరి. "చూడండి బాబూ, మన చేతుల్లో ఎంత బుద్ధిగా ఉందో" అని మురిసిపోతామే, ఆ బుద్ధికి పేరు భయం. మీరు రేపు పెరట్లో పెట్టల మీద ఈ ప్రయోగం చేశారంటే మాత్రం గారెలు ఉండవు, ముందే చెబుతున్నా.

సరే, మరి నిజంగా నెమ్మదిగా ఉన్న కోడి ఎలా ఉంటుంది? సాయంత్రం గూడెక్కిన కోడిని చూడండి. మెడ లోపలికి లాక్కుని, ఈకలు వదులుగా ఉబ్బించి, కాళ్ల మీద ముద్దలా కూర్చుంటుంది. కళ్లు మూతలు పడుతుంటాయి, గొంతులో సన్నగా కుర్‌మంటుంది. దాన్ని పట్టాల్సిన వేళ అది. పట్టపగలు నలుగురు కుర్రాళ్లు దడి చుట్టూ తరిమి తరిమి పట్టడం ఉందే, అది మనకి ఆట. దానికి ప్రాణసంకటం. నక్క తరిమినా మనం తరిమినా దాని ఒంట్లో జరిగేది ఒకటే. గుండె దడదడలాడుతుంది, కార్టికోస్టిరాన్ అనే హార్మోను రక్తంలోకి పొంగుతుంది.

రాత్రి ఎందుకు పట్టాలంటే, కోడికి చీకట్లో కళ్లు సరిగ్గా కనపడవు. మన కంట్లో రంగులు చూసే కణాలు కొన్ని, మసక వెలుతుర్లో పనికొచ్చే కణాలు కొన్ని ఉంటాయని బడిలో చెప్పే ఉంటారు. కోడి కన్ను పగటి కన్ను. రంగులు పట్టే కణాలు మనకి మూడు రకాలైతే దానికి నాలుగు రకాలు. మనకి కనపడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కొంత కనపడుతుంది. మీ నానమ్మకి ఒకేలా కనపడే రెండు పుంజుల ఈకలు పెట్ట కంటికి వేరు వేరుగా మెరుస్తాయేమో! ఇంత వైభవానికీ ఖరీదు చీకట్లో చెల్లిస్తుంది. మసకపడగానే దానికి లోకం మూసుకుపోతుంది. అందుకే అది ఆరింటికల్లా గూడెక్కుతుంది, అందుకే మన పెద్దవాళ్లు కోడిమీద గంప బోర్లించారు. వెదురు గంప మీద పాత దుప్పటి కప్పితే చాలు, కూతలు ఆగిపోతాయి. విదేశాల్లో కోళ్లని కోసే కొన్ని పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా బళ్ల మీంచి దించే గదిలో మసక నీలి దీపాలే వేస్తారట, కోళ్లు కంగారుపడకుండా. గంపకి కరెంటు బిల్లు కూడా రాదు.

ఈ రాత్రి పట్టడంలో ఇంకో లాభముంది. కోయబోయే కోడికి 8 నుంచి 12 గంటలు మేత ఉండకూడదు. ఉంటే పేగులు నిండి ఉండి, కడిగేటప్పుడు ఒకటి చిట్లినా మాంసమంతా పాడవుతుంది. అలాగని రోజంతా మాడ్చకూడదు. మాడితే దానికి బాధ, పైగా పేగులు పల్చబడి ఇంకా తొందరగా చిట్లుతాయి. పెద్ద ఫారాల వాళ్లు దీనికి గడియారం పెట్టుకుంటారు. మనకి ఆ గొడవ లేదు. కోడి చీకటి పడేముందు మెడ కింది సంచి నిండా గింజలు కుక్కుకుని గూడెక్కుతుంది, తెల్లవార్లూ ఆ గింజలే కొంచెం కొంచెంగా కందనకాయలోకి దింపుకుంటుంది. తెల్లారేసరికి సంచి దాదాపు ఖాళీ. పగలు గంప కింద పెట్టి ఉపవాసం చేయించక్కర్లేదు, లెక్క దానంతటదే కుదురుతుంది. ఒక చిప్పలో నీళ్లు మాత్రం ఉంచాలి. నీళ్లు ఆపకూడదు.

ఇప్పుడు పట్టడం. బుడ్డోడా, ఇలా రా, నువ్వే కోడివి. ఒక అరచెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి వీపు మీంచి రెండు రెక్కల్నీ ఒంటికి ఆనించి. అలా ఎత్తి చంకలో పెట్టుకుని, కాళ్లని వేళ్ల మధ్య వదులుగా పట్టుకోవాలి. నవ్వకురా, కోళ్లు నవ్వవు. ఇందులో ఒక్కటే జాగ్రత్త, రొమ్ముని నొక్కకూడదు. మనం ఊపిరి పీల్చాలంటే రొమ్ముకీ పొట్టకీ మధ్యనున్న పొర కిందికి దిగుతుంది కదా, కోడికి అలాంటి కండపొర లేదు. దాని ఊపిరితిత్తులు వీపు ఎముకలకి అంటుకుని కదలకుండా ఉంటాయి. రొమ్ము ఎముక కిందికీ పైకీ ఊగితే, లోపలున్న గాలితిత్తులు కొలిమితిత్తుల్లా గాలిని లాగి తోస్తాయి. ముద్దొచ్చి గట్టిగా వాటేసుకున్నారనుకోండి, ముక్కు తెరిచే ఉన్నా దానికి ఊపిరాడదు. కోడిపిల్లల్ని గుప్పిట్లో పట్టుకునే చంటిపిల్లలకి ఈ సంగతి ముందుగా చెప్పాలి.

ఈ ముక్క అర్థమైతే సంతలో కనపడే ఇంకో దృశ్యం కూడా అర్థమవుతుంది. సైకిలు హ్యాండిలుకి అటు నాలుగు ఇటు నాలుగు, కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడే కోళ్లు. కండపొర లేదు కాబట్టి కందనకాయ, కార్జం, పేగులు అన్నీ వచ్చి గాలితిత్తుల మీద పడతాయి. కాసేపటికి అవి కొట్టుకోవడం మానేస్తాయి. మానేస్తే అలవాటు పడ్డాయనుకుంటాం. ఇందాకటి కిర్చర్ గారి కోడిని తలుచుకోండి. తలకిందులుగా మోసిన కోళ్ల రక్తంలో, నిటారుగా మోసిన వాటి కన్నా ఆ భయపు హార్మోను ఎక్కువగా ఉంటుందని కొలిచి చూశారు కూడా. మన దేశంలో దీనికి చట్టమే ఉంది, 1960లో వచ్చింది. బండి మీదైనా బండి లేకుండానైనా జంతువుకి అనవసరంగా బాధ కలిగే తీరులో మోసుకెళ్లడం నేరమని అందులో రాసి ఉంది. ఆ చట్టం వెనకున్న మనిషి ఎవరో తెలుసా? భరతనాట్యం రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభలో ఆవిడ పట్టుబట్టి బిల్లు పెడితే, ప్రభుత్వం తర్వాత తానే పూనుకుని చట్టం తెచ్చింది. కాలికి గజ్జె కట్టే ఆవిడ కోడి కాలికి కట్టే తాడు గురించి కూడా ఆలోచించింది, నాకది ఎంతో ముచ్చటగా ఉంటుంది.

మోసుకొచ్చాం, సరే. ఎక్కడ కోయాలి? మిగతా కోళ్ల ముందు మాత్రం కాదు. పక్కదాని అవస్థ కోడికి పట్టదనుకుంటాం. 2011లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు తల్లికోళ్ల మీద ఒక పరీక్ష చేశారు. తల్లి చూస్తుండగా పిల్లల మీదికి ఉఫ్‌మని కాస్త గాలి ఊదారు, అంతే. పిల్లలకి దెబ్బేమీ తగల్లేదు. అయినా తల్లి గుండె వేగం పెరిగింది, అది ఈకలు సవరించుకోవడం మానేసి తలెత్తి చూడ్డం మొదలెట్టింది, కంటి దగ్గర వేడి తగ్గింది. భయమేస్తే మన చేతులు చల్లబడవూ, అదే. 2001లో మన దేశంలో కబేళాలకి పెట్టిన నియమాల్లోనూ ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయరాదని ఉంది. ఇస్లాం ధర్మంలో ఇది ఎప్పట్నుంచో ఉన్న మాటే. కత్తికి పదునుండాలి, జంతువు కళ్లముందు సాన పట్టకూడదు, ఒకదాని ఎదుట ఇంకోటి కోయకూడదు. మా చిన్నప్పుడు చాలా ఇళ్లకి సాయిబుగారే వచ్చి కోసిపెట్టేవారు. ఆయన కోడిని పెరటి గోడ అవతలికి తీసుకుపోయేవారు, కత్తి జేబురుమాల్లో చుట్టి ఉండేది, మేం వెనకబడితే తరిమేసేవారు. ఆయన తరమడంలో అంత శాస్త్రముందని అప్పుడెవరికి తెలుసు!

కోత సంగతి పెద్దపిల్లలు వినండి, చిన్నవాళ్లు కావాలంటే నానమ్మ దగ్గరికెళ్లి రావచ్చు. ఎవరూ వెళ్లరా? సరే. తలకి రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన ధమనులు రెండు. కోడి మెడ పొడుగునా అవి కండల చాటున, మెడ ఎముకల్ని ఆనుకుని, ఒకదాని పక్కన ఒకటి లోపలగా దాక్కుని వెళతాయి. తలకి దగ్గరయ్యాకే విడిపోయి చెరో పక్కకీ వస్తాయి. కాబట్టి మెడ మధ్యలో పైపైన కోస్తే తెగేది సిరలే. రక్తం బొటబొటా కారుతుంది, చూసేవాళ్లకి పని అయిపోయినట్టే ఉంటుంది, కానీ ధమనులు తలకి రక్తం పంపుతూనే ఉంటాయి, కోడికి నిమిషాల తరబడి తెలివి ఉండొచ్చు. దవడకి కాస్త దిగువన, ఒకే ఊపులో, పదునైన కత్తితో రెండు ధమనులూ తెగాలి. అప్పుడు మెదడుకి వెళ్లే రక్తం ఒక్కసారిగా పడిపోతుంది, తెలివి త్వరగా పోతుంది. వంటింటి మొండికత్తితో రంపం లాగినట్టు లాగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కత్తి సానబట్టే ఓపిక లేనివాడు కోడి జోలికి పోకూడదు.

మెడ విరిచేసే పద్ధతి కూడా ఉంది. యూరపు దేశాలకి 2009లో వచ్చిన నిబంధన ప్రకారం, చేత్తో విరిచేదైతే 3 కిలోలు దాటిన పక్షిని విరవకూడదు, ఒక మనిషి రోజుకి 70కి మించి చేయకూడదు. మనిషి చేతికి అలుపుంటుందని, అలిసిన చెయ్యి తప్పు చేస్తుందని చట్టంలో రాసుకున్నారన్నమాట.

చెయ్యి తప్పితే ఏమవుతుందో చెప్పే కథొకటుంది. 1945 సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఫ్రూటా అనే ఊళ్లో లాయిడ్ ఓల్సన్ అనే రైతు కోళ్లు కోస్తున్నాడు. ఒక పుంజు మీద గొడ్డలి వేశాడు, తల ఎగిరిపోయింది. పుంజు మాత్రం లేచి తిరుగుతోంది! మర్నాడూ తిరుగుతోంది. గొడ్డలి పైగా పడటంతో మెదడు అడుగుభాగమూ ఒక చెవీ మిగిలిపోయాయి. రక్తం గడ్డకట్టి కారడం ఆగిపోయింది. ఊపిరి, గుండె, నిలబడటం, నడవడం ఇవన్నీ చూసుకునేది ఆ అడుగుభాగమే. దానికి మైక్ అని పేరు పెట్టి, గొంతులోకి డ్రాపరుతో పాలూ నీళ్లూ పోసి, ఊరూరా తిప్పి డబ్బులు పుచ్చుకుని చూపించారు. 18 నెలలు బతికింది. ఇప్పటికీ ఆ ఊళ్లో ఏటా దాని పేరిట ఉత్సవం చేస్తారు. మీరు నోళ్లు తెరుచుకుని వింటున్నారు గానీ, నాకు ఆ ఉత్సవం సంగతి వింటే నవ్వు రాదు.

మైక్ కథతో రెండో మోసం కూడా విప్పుకోవచ్చు. నడకా రెక్కలాడించడమూ లాంటి లయలు మెదడు పైభాగం కూర్చుని ఆడించేవి కావు. రెక్కలు కొట్టే తాళం వెన్నుపాములోనే ఉంటుంది. మామూలుగా మెదడు "ఇప్పుడు వద్దు" అని దాన్ని అదుపులో ఉంచుతుంది. మెదడు ఆగిపోగానే ఆ అదుపు పోతుంది, వెన్నుపాము తన తాళం తాను వేసేసుకుంటుంది. అందుకే మెడ తెగిన కాసేపటికి రెక్కలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కానీ అప్పటికి కోడికి తెలివి ఉండదు. అయినా ఆ రెక్కల్ని అలా వదిలెయ్యకూడదు. విరుగుతాయి, కమిలి మాంసంలోకి నెత్తురు దిగుతుంది. విదేశాల్లో పెరటికోళ్ల వాళ్లు తగరపు గరాటులో కోడిని తలకిందులుగా దింపుతారు, తల మాత్రం కిందనుంచి బయటికొస్తుంది. తలకిందులు వద్దన్నావు కదా తాతయ్యా అంటారు. నిజమే, కానీ అది క్షణాల పని, పైగా నాలుగువైపులా ఒత్తుకుని రెక్కలు విప్పడానికి చోటుండదు. గరాటు లేకపోతే పాత గోనెసంచి చాలు. మూల కత్తిరించి తల బయటికి తీసి, సంచిని ఒంటికి చుట్టేయడమే. కోళ్ల దుకాణంలో మెడ కోసి డ్రమ్ములో పడేసి మూతేస్తారే, అందులో వాటికి ఒత్తుగా చుట్టుకునేదేమీ ఉండదు.

తర్వాత రెండు నిమిషాలు ఆగాలి. ఊరికే ఆగడం కాదు, చూడాలి. కనుగుడ్డు మీద వేలికొన తాకిస్తే రెప్ప కదలకూడదు. మెడ వాలిపోవాలి. తోక కింద, ఊపిరి తీస్తే లయగా కదిలే చోట, కదలిక ఉండకూడదు. ఈ మూడూ చూశాకే వేడినీళ్లు. నీళ్లు కూడా మరిగేవి కాదు, 60 డిగ్రీలు. వేలు పెట్టి వెంటనే తీసేసేంత. ఒక నిమిషం ముంచితే ఈక మొదళ్లు పట్టు వదులుతాయి. మరిగే నీళ్లలో ముంచితే చర్మమే ఉడికి ఈకలతోపాటు ఊడొస్తుంది. ఆ తర్వాత పసుపు రాసి, ఎండుగడ్డి మంట మీద కాల్చడం మీ నానమ్మ శాఖ, నేను వేలు పెట్టను.

ఇంత నెమ్మది కోడి కోసమే అనుకోకండి, పులుసుకీ మంచిదే. కండలో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది. చచ్చాక అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పెరుగు పులుపు కూడా ఆ ఆమ్లమే. మెల్లగా, తగినంత పుడితే మాంసం బాగుంటుంది, కాస్త నిలవ కూడా ఉంటుంది. చివరి క్షణాల్లో పెనుగులాడితే ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే ఆమ్లం గభాల్న పుట్టి మాంసం పాలిపోయి నీరు కారుతుంది. గంటలకొద్దీ అలిసిపోతే చక్కెరే మిగలదు, పులుపు చాలక మాంసం నల్లబడి తొందరగా పాడవుతుంది. పందెంలో చచ్చిన పుంజుని కోస అంటారు, దానికోసం వేలకి వేలు పోసి ఎగబడతారు. ఆ రుచి పుంజుకి మేపిన బాదంపప్పుదో, తినేవాళ్ల గొప్పలదో నాకు తెలియదు గానీ, అలిసి చచ్చిన కండ మంచి కండ అని ఏ శాస్త్రమూ చెప్పదు. పందేలు చట్టానికి విరుద్ధమన్నది ఇంకో సంగతి, ఈ పండగ మూడు రోజులూ దాన్ని వినేవాడెవడు!

ఇంకొక్కటి. కోసిన గంటలోపే కోడి బిగుసుకుంటుంది. కండలో సన్నటి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి, పట్టు వదలడానికీ శక్తి కావాలి. చచ్చాక ఆ శక్తి అయిపోయి పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. నాలుగైదు గంటలకి కండ మళ్లీ మెత్తబడుతుంది. ఈ మధ్యలో పొయ్యెక్కిస్తే ముక్క సాగుతుంది. కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి కోసి, ముక్కలు కొట్టకుండా చల్లటి చోట మూతపెట్టి ఉంచి, పదింటికి పొయ్యెక్కించాలని నా వాదన. "పదింటికి పొయ్యెక్కిస్తే భోజనాలు ఎన్నింటికి? మీ సైన్సుకి చుట్టాలు ఆగరు" అని మీ నానమ్మ వాదన. ముదురు పుంజు కాబట్టి ఎలాగూ రెండు గంటలు సన్నసెగ మీద ఉడకాలి, పీచు పట్టిన కండ కరిగేది అప్పుడే. ఇంకా తేలలేదు, మీరెవరైనా వెళ్లి మాట్లాడి చూడండి.

పెద్దమ్మడూ, నువ్వు పులుసు వద్దంటున్నావని విన్నాను. వద్దులే తల్లీ, ఎవరూ బలవంతం చేయరు. గారెల్లోకి అల్లప్పచ్చడి వేరే చేయమని చెప్పాను. బుడ్డోడా, ఆ గోనెసంచీ కత్తెరా ఇలా పట్రా, మూల కత్తిరించి పెట్టుకుందాం.